తుపాకి ముక్కలు – గురి విద్య : భావనపాడు ఒడ్డున పుట్టిన ఒక ప్రశ్న

సావనీరుకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయవలసిందని కార్యదర్శిగారు కోరినప్పుడు, శ్రీకాకుళం జామియా మసీదును గురించి వ్రాద్దామనుకున్నాను. 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన ఆ మసీదును గురించి లోగడ పెద్దలు చెప్పియే యున్నారు గనుక నాకు శ్రమ తక్కువ అని లోపల ఆశ. ఇంతలో మా చెల్లెలి కొడుకు ఒక ప్రశ్న వేసి నా కలాన్ని వేరే దారి పట్టించాడు.

బక్రీదు మర్నాడు ఇంటిల్లిపాదీ భావనపాడు వెళ్లాము. హార్బరు దగ్గర చేపలు బేరమాడి, సరుగుడు తోట నీడన దుప్పటి పరచుకొని కూర్చున్నాము. పిల్లవాడు విశాఖపట్నంలో ఇంజనీరింగు చదువుతున్నాడు, బుద్ధిమంతుడే. సెల్‌ఫోను నా చేతికిచ్చి "ఇది చూడు మామూ" అన్నాడు. అందులో ఒక అమెరికా ఆసామి తన ఇంటి బల్లమీద తుపాకి ముక్కలన్నీ పరచుకొని, గొట్టం ఒక కంపెనీది, మడమ ఒక కంపెనీది, గుర్రం ఇంకొక కంపెనీది, పోస్టులో తెప్పించుకున్నవి, గంటసేపట్లో బిగించేసి, ఒక రైఫిలు తయారు చేశాడు. మీట నొక్కినప్పుడల్లా ఒక గుండు పేలి, రెండవది తనంత తానే గదిలోకి ఎక్కే సెమీ ఆటోమేటిక్. ఖర్చు నాలుగైదు వందల డాలర్లట. తరువాత పొలంలోకి పోయి అట్టముక్క నిలబెట్టి గురి చూసి కాల్చుకుంటున్నాడు.

"ఇంత చవకా మామూ! మనం మాత్రం చేసుకోలేమా? ఎవరినీ చంపడానికి కాదు గదా, గురి నేర్చుకోడానికే" అన్నాడు. నవ్వి ఊరుకుందును. కాని మావాడు టెక్కలిలో ఒక లేతు మిషను షాపుకు వెళ్లి, ఉక్కు గొట్టానికి లోపల ఇంత సైజున బోరు వేస్తారా అని అడిగి కూడా వచ్చాడని చెల్లెలు మెల్లగా నా చెవిని వేసింది. షాపాయన "ఏటి బాబూ, దేనికి?" అని అడిగితే వీడు నీళ్లు నమిలాడట. ఆ మాట వినేసరికి నాకు చేప ముద్ద గొంతు దిగలేదు. వానికి ఆ రాత్రి చెప్పినదీ, తరువాత పుస్తకాలు తిరగేసి సరిచూసుకున్నదీ కలిపి వ్రాస్తున్నాను. మన సభ్యుల ఇండ్లలో ఇటువంటి ఫోనులూ, ఇటువంటి పిల్లలూ లేకపోలేదు.

మొదట మాటల సంగతి. తుపాకి అచ్చ తెలుగు మాట వలె వినబడుతుంది గాని అది తుర్కీ నుంచి ఫారసీ మీదుగా వచ్చినది. బందూకు అరబ్బీ. బుందుక్ అంటే మొదట ఒక రకం కాయ పేరు, తరువాత ఆ కాయంత ఉండ, ఆ తరువాత ఆ ఉండను విసిరే ఆయుధం. ఫిరంగి అంటే ఫరంగీవాడిది, అనగా ఐరోపా వానిది. సిపాయి ఫారసీ. గురి అన్నది మాత్రం మన తెలుగు మాట. ఆయుధం పేర్లన్నీ ఓడలెక్కీ గుర్రాలెక్కీ వచ్చాయి, గురి ఇక్కడే ఉన్నది. (ఈ మాటకు మావాడు నవ్వలేదు. మీరైనా నవ్వగలరు.)

మన చికాకోలు, అదే శ్రీకాకుళం, కుతుబ్‌షాహీల కాలంలోనూ తరువాత నిజాముల కాలంలోనూ ఫౌజుదారు ఉండే పట్టణం. ఆర్కాటు నవాబు కాకముందు అన్వరుద్దీన్ ఖాన్ ఇక్కడ ఫౌజుదారీ చేసినవాడే. ఆనాటి తుపాకి ఒత్తి తుపాకి. మందు దట్టించి, గుండు వేసి, నిప్పు ఒత్తిని పళ్లెంలోని మందుకు తగిలిస్తే పేలేది. వాన పడితే లేదు, గాలి ఎక్కువైతే లేదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట ముందు బుస్సీ దొర సేన, విజయనగరం పూసపాటి విజయరామరాజు బలగం దిగినప్పుడు, కోటలోని వెలమ వీరులకు తుపాకులు లేకపోలేదు. ఫ్రెంచివారి ఫిరంగులకు మట్టి గోడలు ఆగలేదు, అంతే. ఆ కథ బుర్రకథల్లో మనమందరం విన్నదే. తాండ్ర పాపారాయుని పౌరుషం చెప్పినంతగా ఫిరంగి సంగతి ఎవరూ చెప్పరు. ఫలితం తేల్చినది మాత్రం ఆ ఫిరంగే.

ఆయుధాలు చేయడం మన తెలుగుదేశానికి కొత్త కాదు. నిర్మల్‌లో ఫిరంగులు పోతపోసేవారు. హైదరాబాదులో ఈనాటికీ గన్‌ఫౌండ్రీ అనే పేట ఉన్నది గదా, అది నిజాం అలీఖాన్ కొలువులోని రేమండ్ అనే ఫ్రెంచి సేనాని 1786లో పెట్టిన ఫిరంగుల కార్ఖానా. తోప్ కా సాంచా అనేవారు. ఆయన్ను ముస్లిములు మూసా రహీం అనీ హిందువులు మూసా రాం అనీ పిలుచుకున్నారంటే జనంలో ఎంత కలిసిపోయాడో చూడండి. ఈ కార్ఖానాలు ఎంత గొప్పవైనా నవాబు సెలవు మీద నడిచినవే. ఇంటి పెరట్లో ఫిరంగి పోసుకోమని ఏ పాదుషా చెప్పలేదు. మావాడు "ఇప్పుడే ఈ చట్టాలన్నీ వచ్చాయి మామూ, పూర్వం ఎవడికి వాడే" అన్నాడు. అది నిజం కాదు.

1766 ఒడంబడికతో ఉత్తర సర్కారులు కంపెనీవారి పరమైనవి. 1857 తిరుగుబాటు తరువాత దొరలకు ప్రజల చేతి ఆయుధమంటే దడ పుట్టి, చివరకు 1878లో లిట్టన్ ప్రభువు కాలంలో ఆయుధాల చట్టం తెచ్చారు. తెల్లవానికి లైసెన్సు అక్కరలేదు, మనవానికి కావాలి. బాధ కలిగించినది లైసెన్సు కన్న ఈ తేడా. 1887లో మద్రాసులో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు అధ్యక్షులు బద్రుద్దీన్ తయ్యబ్జీ గారు. ఆ సభలోనే ఆయుధాల చట్టాన్ని సవరించవలెనని తీర్మానం చేశారు, బిపిన్ చంద్రపాల్ గట్టిగా మాట్లాడారు. మన జిల్లాలోనూ ఆ తేడా కండ్లకు కట్టేది. నౌపడా మీదుగా పోయే బెంగాల్ నాగపూర్ రైల్వేకు సొంత వాలంటీరు రైఫిల్ దళం ఉండేది. రైల్వేలోని తెల్లవారూ ఆంగ్లో ఇండియన్లూ అందులో చేరి, సర్కారు రైఫిలుతో సర్కారు ఖర్చున గురి నేర్చుకునేవారు. అదే రైలుకు పట్టాలు మోసినవాని కొడుక్కు ఆ అవకాశం లేదు.

ఊళ్లలో మిగిలినవి నాటు తుపాకులు. పంటమీద పడే పందుల కోసం కొందరికి లైసెన్సు ఉండేది, కొందరికి ఉండేది కాదు. ఉప్పుటేర్ల వెంబడి పక్షులను కొట్టే షోకు కొందరు మోతుబరులకు ఉండేది. ఈనాడు టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులనూ ఎర్రకాళ్ల కొంగలనూ ఊరివారే కాపాడుకుంటున్నారు. 1972 వన్యప్రాణి చట్టంతో వేట ముచ్చట తీరిపోయింది. దానికి నేనేమీ విచారించను.

నాటు తుపాకి ఎంతవరకు పనికి వస్తుందో అల్లూరి సీతారామరాజుకు బాగా తెలుసును. కాబట్టే 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లమీద వరుసగా పడి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు పట్టుకుపోయాడు. తుపాకి చేసుకోవడం కన్న సంపాదించుకోవడం మేలని ఆయన ఎంచినట్లే గదా.

ఇక మావాని ప్రశ్నకు దగ్గరి సంగతికి వస్తాను. పాత ముక్కలతో, తక్కువ ఖర్చుతో, గురి నేర్చుకోవడానికే తయారైన రైఫిలు ఒకటి నిజంగా ఉండేది. దానిని నేను నా చేతులతో పట్టుకున్నాను.

1880లలో ఇంగ్లండులో మోరిస్ అనే ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. సిపాయి పెద్ద తూటా ఖరీదు ఎక్కువ, చాలా దూరం పోతుంది, పట్టణంలో కాల్చడానికి చోటు చాలదు. అందుచేత పెద్ద తుపాకి గొట్టంలో సన్న గొట్టం ఒకటి దూర్చి, చిన్న తూటాతో సాధన చేయించాడు. బోయరు యుద్ధంలో తమ సిపాయిల గురి ఎంత పేలవమో బయటపడిన తరువాత, ఇంగ్లండులో ఈ చిన్న తూటా క్లబ్బులు ఊరూరా పుట్టుకొచ్చాయి. బర్మింగ్‌హాంలో పార్కర్ కంపెనీవారు, అరిగిపోయిన .303 రైఫిలు గొట్టాన్ని తొలిచి, లోపల .22 గాడుల గొట్టం అమర్చే పద్ధతి తెచ్చారు. యుద్ధం చేసి అలసిపోయిన లీ ఎన్‌ఫీల్డు రైఫిలు ఆ విధంగా బడి పంతులైనది. బరువు అదే, పట్టు అదే, మడమ అదే, పేలేది మాత్రం పెన్సిలు మొనంత గుండు. దీనికి నెంబరు 2 మార్క్ 4 అని పేరు. మ్యాగజైను పెట్టె ఉంటుంది గాని అందులో తూటాలుండవు, కాల్చిన ఖాళీ గొట్టాలు రాలి పడడానికి ఉపయోగిస్తుంది. ఒక్కొక్క తూటా చేత్తో పెట్టుకోవాలి. సెమీ ఆటోమేటిక్ కాదు గదా, సగంలో సగం కూడా కాదు.

దీనికి సవతి సోదరుడు ఒకటుండేది. కలకత్తా దగ్గర ఇషాపూర్ ఫ్యాక్టరీలో అదే లీ ఎన్‌ఫీల్డును గాడులు లేకుండా .410 మస్కెట్టుగా మార్చి పోలీసులకూ జైలు వార్డర్లకూ ఇచ్చారు. మ్యాగజైను చోట కొయ్యముక్క దిగగొట్టి, ఒక్క తూటాకు మించి పట్టకుండా చేశారు. సిపాయి తూటా అందులో పేలకూడదని ఎత్తు. దొర తన పోలీసును కూడా నమ్మింది అంతవరకే.

1948లో ఎన్.సి.సి. చట్టం వచ్చింది. చైనా యుద్ధం తరువాత 1963 నుంచి కాలేజీ కుర్రవాళ్లకు తప్పనిసరి చేశారు, 1968లో ఆ నిర్బంధం తీసివేశారు. ఆ చివరి సంవత్సరాలలో నేను కాకీ నిక్కరు తొడిగినవాడిని. మాకు నేర్పిన హవల్దారుగారిని ఉస్తాద్ అనే పిలిచేవాళ్లం, ఆయన ఏ మతం వాడైనా సరే. సైన్యంలో ఆ మాట అలా నిలిచిపోయింది. గురి పెట్టు అనడానికి "షిస్త్ లో" అనేవారు. గొట్టం తుడిచే గుడ్డముక్క చిందీ, కాల్చిన తూటా గొట్టం ఖాళీ ఖోకా. మా ఇంట్లో ఉర్దూ మాట్లాడే నాకు అవన్నీ సులువుగా నోటికి వచ్చేవి. పక్కనున్న పలాస కుర్రాడు "ఏట్రా, ఇదంతా మీ ఇంటి బాసేనేటి?" అనేవాడు.

ఇరవై ఐదు గజాల దూరంలో కాగితం లక్ష్యం. బోర్లా పడుకుని ఐదు తూటాలు. ఉస్తాద్ చెప్పేదంతా తుపాకి గురించి కాదు, ఊపిరి గురించి. గాలి పీల్చు, సగం వదులు, అక్కడ ఆపు, వేలిని లాగకు, నిమ్మకాయ పిండినట్టు పిండు. గుండు నడిమధ్య పడనవసరం లేదు, ఐదూ ఒకచోట పడితే చాలును, దానినే గ్రూపింగ్ అంటారు. అలా పడితే నీవు స్థిరంగా ఉన్నావని అర్థం, ఇక తుపాకిని సరిచేయవచ్చును. చెల్లాచెదురుగా పడితే తుపాకిని సరిచేసి ప్రయోజనం లేదు. మొదటి రోజు నావి ఐదూ ఐదు ఊళ్లలో పడినాయి.

ఒకసారి ఇసుకదిబ్బ దగ్గర కాల్పులయ్యాక ఖాళీ ఖోకాలు లెక్కపెడితే ఒకటి తక్కువైంది. చిటికెన వేలి గోరంత ఇత్తడి ముక్క. పారేస్తే కాకి కూడా ముట్టదు. ఉస్తాద్ మాత్రం ఒక్కరినీ కదలనివ్వలేదు. మగ్రిబు వేళ దాటేదాకా అరవైమందిమి మోకాళ్లమీద ఇసుక జల్లించాము. చివరకు ఒక కుర్రాడి నిక్కరు మడతలో దొరికింది. ఆ రోజు ఆకలికి నేను ఆయన్ను మనసులో ఎంత తిట్టుకున్నానో చెప్పలేను. దేశం వారి తూటా ఒకటి ఎక్కడున్నదో తెలియకపోతే ఆయనకు నిద్ర పట్టదని అప్పుడు నాకేమి తెలుసు.

మన జిల్లాకు ఆ లెక్క ఎందుకో 1967 అక్టోబరు 31న తెలిసింది. లేవిడి దగ్గర భూస్వాముల మనుషుల తుపాకి దెబ్బకు కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు ప్రాణాలు విడిచారు. తరువాత రెండు మూడేండ్లు ఏజన్సీ అంతా నాటు తుపాకుల చప్పుడే, దానికి జవాబుగా పోలీసు తుపాకుల చప్పుడే. 1970 జూలైలో వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం చనిపోయేవరకు ఎన్ని ఇండ్లు తల్లడిల్లాయో పెద్దవారికి జ్ఞాపకమే. ఎవరు ఒప్పు ఎవరు తప్పు అన్నది ఈ సావనీరులో తేల్చే సంగతి కాదు. ఈ జిల్లాలో గొట్టం అన్న మాటకు బరువెక్కువ అని మావానికి చెప్పాను, అంతే.

ఇక చట్టం. స్వరాజ్యం వచ్చాక 1878 చట్టం పోయి 1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చింది. తెల్ల నల్ల తేడా పోయింది, లైసెన్సు అందరికీ. అమెరికా వాని చట్టానికీ మన చట్టానికీ అసలు తేడా ఎక్కడుందో మావానికి బోధపరచడానికి నాకు అరగంట పట్టింది. అక్కడ 1968 చట్టం ప్రకారం తుపాకి అంటే ముఖ్యంగా దాని చట్రం. నెంబరు వేసేది దానిమీదే, విచారణ జరిపేది దానికే. గొట్టం, మడమ, స్ప్రింగు మొదలైనవి మామూలు సరుకు వలె పోస్టులో వస్తాయి. అందులోనూ ఏ.ఆర్.-15 అనే రకం, 1950లలో యూజీన్ స్టోనర్ రూపొందించినది, 1959లో కోల్ట్ కంపెనీ కొన్నది, పేటెంటు గడువు తీరాక వంద కంపెనీలు చేయసాగాయి. ఒకరి ముక్క ఇంకొకరి ముక్కకు అతుకుతుంది. అందుకే చవక. చట్రాన్ని కూడా సగం చేసి, మిగతా సగం ఇంట్లో తొలుచుకోమని కిట్లు అమ్మి నెంబరే లేకుండా చేసుకునేవారు. వాటితో నేరాలు పెరిగి, 2022లో ప్రభుత్వం వాటినీ తుపాకులుగానే లెక్కించాలని నిబంధన పెట్టింది. 2025 మార్చి 26న వారి సుప్రీంకోర్టు ఆ నిబంధనను నిలబెట్టింది. అంటే ఆ దేశంలోనే దారి ఇరుకవుతున్నది. జపానులో 2022 జూలై 8న మాజీ ప్రధాని షింజో ఆబేను కాల్చినది ఇంట్లో గొట్టాలతో చేసిన తుపాకే.

మన 1959 చట్టంలో ఆయుధం అన్న మాటలోనే దాని ముక్కలూ, దానిని చేసే యంత్రాలూ కూడా చేరి ఉన్నాయి. అక్కడ ఒక్క ముక్క తుపాకి, ఇక్కడ ప్రతి ముక్కా తుపాకే. చేయడానికి, మార్చడానికి, బాగుచేయడానికి, చివరకు పరీక్షించి చూడడానికి కూడా అయిదవ సెక్షను కింద లైసెన్సు ఉండాలి. అది లేకుండా చేస్తే 2019 సవరణ తరువాత శిక్ష ఏడేండ్లకు తక్కువ కాదు, యావజ్జీవం దాకా పోవచ్చును. సెమీ ఆటోమేటిక్ రైఫిలు మామూలు పౌరునికి లైసెన్సు ఇచ్చే తరగతిలోనిది కాదు. ఇషాపూర్‌లో పౌరులకోసం చేసిన .315 రైఫిలు కూడా సైన్యపు తూటా పట్టకుండా బోరు మార్చి చేసినదే.

"గురి నేర్చుకోడానికే గదా" అన్న మాట కోర్టులో చెల్లదు. ఇంకొక మాట కూడా వానితో దాచకుండా చెప్పాను, ఇక్కడా దాచను. చట్టం అందరికీ ఒకటే. కాని మన పేరున్న కుర్రవాని గదిలో అటువంటి గొట్టం ఒకటి దొరికితే దాని చుట్టూ కథ అల్లుకోవడానికి పట్టే వ్యవధి మాత్రం అందరికీ ఒకటి కాదు. వాడు జవాబు చెప్పేలోగా పేపర్లో వచ్చేస్తుంది. వాని తల్లి ఎవరి గుమ్మం ఎక్కుతుంది? వాడు అప్పుడు తలవంచుకున్నాడు. ఆ మాట అన్నందుకు నాకూ బాధ కలిగింది. పిల్లవానికి ఆ వయసులో వినిపించవలసిన మాట కాదది.

అయితే గురి విద్యకు దారి మూసివేయలేదు, అది కూడా ఆ చట్టంలోనే ఉన్నది. ఒక మనిషికి ఇన్ని తుపాకులే అని పరిమితి ఉన్నది గదా (2019 దాకా మూడు, తరువాత రెండు), అదే సెక్షనులో గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యుడు సాధన కోసం వాడే .22 రైఫిలుకూ ఎయిర్ రైఫిలుకూ మినహాయింపు ఇచ్చారు. లోక్‌సభ తొలి స్పీకరు మావలంకర్ గారు 1951లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్‌ను స్థాపించినది ఈ విద్య మామూలు పౌరునికి అందాలనే. 2016 నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల బోరుకూ 20 జౌళ్ల శక్తికీ మించని ఎయిర్ రైఫిలుకు లైసెన్సే అక్కరలేదు. దానిని చిన్నచూపు చూడకండి. ఒలింపిక్స్‌లో పది మీటర్ల పోటీ దానితోనే. పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు, ఆవగింజ కన్న చిన్నది. మన హైదరాబాదు గగన్ నారంగ్ 2012లో లండనులో కాంస్య పతకం తెచ్చినది ఆ పోటీలోనే. 2010 ఢిల్లీ కామన్‌వెల్తు క్రీడల్లో యాభై మీటర్ల రైఫిలు జంట పోటీలో ఆయన పక్కన నిలబడి బంగారు పతకం పంచుకున్నవాడు సైన్యానికి చెందిన ఇమ్రాన్ హసన్ ఖాన్. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పిస్తోలుతో నాలుగు పతకాలు తెచ్చింది.

ఖర్చు లేకపోలేదు. పోటీ ఎయిర్ రైఫిలు మోటారు సైకిలు కన్న ప్రియం. అందుకే క్లబ్బులో అద్దె రైఫిలుతో మొదలుపెట్టమన్నాను. మన సొసైటీ స్కాలర్‌షిప్పు నిధిలో ఆటలకు ఒక పద్దు ఉంటే బాగుండునని కార్యవర్గానికి మనవి చేసుకుంటున్నాను. ఇద్దరు పిల్లలకైనా ఏడాది రేంజి ఫీజు కట్టగలిగితే చాలును. పిల్లల పేర్లు ఆడపిల్లలవైనా అభ్యంతరం ఉండకూడదు, ఈ ఆటలో బలం కన్న నిలకడ ముఖ్యం.

మావాడు టెక్కలి లేతు షాపుకు నాతో కలిసి వెళ్లి, అడిగిన సంగతి ఫలానా, తెలియక అడిగాను, వద్దు అని చెప్పి వచ్చాడు. ఆయన టీ తెప్పించాడు. తరువాత వాడు విశాఖలో ఒక రేంజిలో చేరి, నెల తిరిగేసరికి తన కాగితం లక్ష్యం ఒకటి మడతపెట్టి ఇంటికి తెచ్చాడు. ఎడమవైపు కిందికి జారి అయిదు రంధ్రాలు, అయిదూ ఒక రూపాయి బిళ్ల కింద దాగేటంత దగ్గరగా ఉన్నాయి. నేను కళ్లజోడు పెట్టుకొని చాలాసేపు చూశాను. మా అమ్మ తొంభై ఏండ్లది, ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, "నడిమధ్యన అంత నల్లచుక్క ఎట్టినారు గదా, అది ఒగ్గేసి ఈ పక్కనెందుకు కొట్టినావురా గుంటడా" అని అడిగింది.